రెండిండ్ల కబురు

మా సంఘానికి గుడి లేదు, పాస్టరు లేడు, రిజిస్టరు లేదు. గొప్పకు చెప్పడం లేదు. ఆ మూడూ లేకుండా మేం ఎట్లా నడిచామో తెలిస్తేనే బుచ్చవ్వ ఎట్లా పోయిందో తెలుస్తుంది. అందుకే ముందు అది చెప్పి, తర్వాత ఆమె దగ్గరికి వస్తాను.

నా పేరు పోశాలు. రేగొండలో మోటర్ల వైండింగ్ షాపు నాది. కాలిపోయిన బోరు మోటర్లు విప్పి, మాడిన రాగి తీగ తీసేసి కొత్తది చుట్టడం నా పని. సొంతూరు మాత్రం టేకుమట్ల దగ్గర. ఆ ఊళ్ళో మాకు ఒకప్పుడు చర్చి ఉండేది. స్లాబు, మైకు, గంట, అన్నీ ఉన్న చర్చి. దానికి ఒక కమిటీ, కమిటీకి ఎన్నికలు. ఒక ఏడు ఆ ఎన్నికల్లో మనుషులు రెండు వర్గాలయ్యారు. ఓడినవాళ్ళు తలుపుకు తాళం వేశారు. గెలిచినవాళ్ళు దాని పక్కనే ఇంకో తాళం వేశారు. పాస్టరు ఏ వర్గం ఇంట్లో తిన్నా రెండో వర్గానికి కోపం వస్తుండడంతో ఊరే విడిచిపోయాడు. క్రిస్మస్ పొద్దున మేమంతా కొత్త బట్టలు కట్టుకొని వాకిట్లో నిలబడి ఆ రెండు తాళాలనూ చూస్తున్నాం.

వెనక నుంచి బుచ్చవ్వ గొంతు వినిపించింది.

"లోపటున్న దేవునికి ఆకలైతే ఏ తాళం దీసుకొని బయటికస్తడు బిడ్డా? నడువుండ్రి మా ఇంటికి. నా తలుపుకు గొళ్ళెం గూడ సక్కగ పడది."

అందరం నవ్వాం. నవ్వుతూనే ఆమె వెనక నడిచాం. సంఘం మొదలైంది అట్లా.

బుచ్చవ్వకు అప్పటికే అరవై ఏండ్లుంటాయి. నలభై ఏండ్లు నాట్లు వేసీ, కలుపు తీసీ నడుము వంగిపోయింది. భర్త ఎప్పుడో చనిపోయాడు. పిల్లల్లేరు. గూనపెంకల ఇల్లు, లోపల రెండు చాపలు. ఆ పొద్దున ఒకరు పాట పాడారు, ఒకరు వాక్యం చదివారు. పాస్టరు లేకుండా ప్రభు బల్ల ఎట్లా అని ఎవరో సందేహం పెట్టారు. బుచ్చవ్వ పొయ్యి మీద నుంచి జొన్నరొట్టె తీసి, చేతులు కాలుతుంటే ఊదుకుంటూ, తునకలు చేసి అందరి చేతుల్లో పెట్టింది. "పాస్టరు చేతులే కాలాల్నా?" అన్నది.

ప్రతి శుక్రవారం కూడుకున్నాం. రెండు చాపలూ నిండి, జనం వాకిట్లోకి రాసాగారు. షెడ్డు వేద్దామన్నారు కొందరు. షెడ్డు వేస్తే తలుపు వస్తుంది, తలుపు వస్తే తాళం వస్తుంది అన్నాను నేను. అప్పుడు బుచ్చవ్వే ఉపాయం చెప్పింది. పొరుగూరి నుంచి వచ్చే ఆటో కుమార్‌ను పిలిచి, "సగం మందిని నీ ఇంటికి తోల్కపో. నాకు కాన్పయిందనుకో," అన్నది. అప్పటి నుంచి మాకదే పద్ధతి. రెండు చాపలు నిండిన ఇల్లు ఇంకో ఇంటిని కనాలి. కన్నది తల్లి ఇల్లు, పుట్టింది బిడ్డ ఇల్లు. నాది కుమార్ ఇంటికి పుట్టిన ఇల్లు. నా ఇంటికి పుట్టింది జనగామ దిక్కు నర్మెట్టలో సాంబయ్య ఇల్లు. ఆయన నా భార్య యాకమ్మకు పెద్దనాయన కొడుకు.

"మనది చెట్టు కాదు బిడ్డా, గరిక," అనేది బుచ్చవ్వ. "చెట్టునైతే మొదట్ల నరుకుతరు. గరికను పీకి చూడు. తల్లివేరు యాడున్నదో దొరకది. గణుపు గణుపుకు వేరే."

పద్ధతి ఆమె పెడితే, రూల్సు పెట్టింది నేను. అది దాచను. ఎవరి దగ్గరా పేర్ల లిస్టు ఉండొద్దన్నాను. లిస్టు ఉన్నవాడు పెద్దమనిషి అవుతాడు. క్రైస్తవులని తేలితే కులం సర్టిఫికెట్ పోతుందన్న భయం కూడా కొందరికి ఉండేది, వాళ్ళకూ ఇదే నచ్చింది. మరి చావుకో రోగానికో అందరికీ తెలిసేదెట్లా? దానికి రెండిండ్ల కబురు అని పెట్టాను. కబురు విన్న ఇల్లు ఇంకో రెండు ఇండ్లకు చెప్పాలి. అంతటితో దాని పని అయిపోయినట్టు. ఆ రెండూ ఒక్కొక్కటి ఇంకో రెండింటికి చెప్తాయి. కబురు కిందికే పోవాలి, మీదికి రావద్దు. ఏమైంది, ఎవరు పోయారు, ఎవరు చేశారు అని వెనక్కి అడగడం మొదలైతే, జవాబు చెప్పేవాడొకడు తయారవుతాడు. వాడే రేపు కమిటీ అవుతాడు. ఇట్లా నేను గంటసేపు చెబితే అందరూ తలలూపారు. నాకు గర్వంగా ఉండింది, ఏడో తరగతి చదివినోణ్ణి.

ఎనిమిదేండ్లు బాగానే నడిచింది. ఎన్ని ఇండ్లయ్యాయో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే మాకు గొప్పగా ఉండేది.

ఇక 2011 సంగతి. సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో ఆగాయి, బడులకు తాళాలు పడ్డాయి, భూపాలపల్లిలో బొగ్గు బాయిలు ఆగిపోయాయి. పొద్దున లేస్తే రోడ్డు మీద వంటావార్పు, రాస్తారోకో. నేను కూడా రోజూ ఒక గంట మా చౌరస్తా టెంటులో కూర్చొని వచ్చేవాణ్ణి. బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగాయి. వచ్చిన కాసేపు కూడా వోల్టేజి ఉండేది కాదు. లో వోల్టేజికి మోటర్లు వరసబెట్టి కాలాయి. నా షాపు ముందు పదకొండు మోటర్లు పడి ఉన్నాయి. పొట్టకొచ్చిన వరి ఎండిపోతుందని రైతులు నా నెత్తి మీద కూర్చున్నారు.

మంగళవారం పొద్దున కుమార్ ఫోను చేశాడు.

"అన్నా, కబురు. బుచ్చవ్వకు జొరమట. చలి వెట్టి వస్తున్నదట. ప్రార్థన చేయుమన్నరు."

"ఎన్నొద్దులైతుందట?"

"అడగలేదన్న. వాళ్ళింటి పక్కపొంటి అఖిల చెప్పింది నాకు, సరోజనక్కకు. నేను నీకు చెప్తున్న, ఇంకొక ఇంటికి చెప్తున్న. గంతే."

"సరే తమ్మీ, మంచిది."

ఫోను పెట్టేసి వెంటనే సాంబయ్యకు చేశాను, మా వెనక వాడలో ఉన్న ఇంకో సంఘం ఇంటికి మనిషిని పంపాను. అయిదు నిమిషాల్లో నా రెండిండ్లూ అయిపోయాయి. యాకమ్మ బియ్యం చెరుగుతూ అంతా విన్నది.

"బండేసుకొని ఒకపారి పొయ్యి చూసి రారాదు?"

"కుమార్ ఇల్లు ఆమె ఊరికి రెండు కిలోమీటర్లు. ఆటో ఉన్నది ఆయనకు. సరోజనక్కది ఇంకా దగ్గర. వాళ్ళు పోకుంటరా?"

"పోయిండ్రా అని అడుగు మరి."

"వెనక్కి అడుగుడు లేదు కదనే. రూలేంది మనది?"

"జొరమచ్చింది అవ్వకు. నీ రూలుకు గాదు."

నేను నవ్వేసి షాపుకు పోయాను. మధ్యాహ్నం అన్నం తినలేదు, ఉపవాసం ఉన్నాను. చేతికి రాగి తీగ చుట్టుకొని చుట్టు చుట్టుకూ అవ్వ పేరు చెప్పుకున్నాను. నిజంగా చెప్పుకున్నాను. బుధవారం ఏ కబురూ రాలేదు. గురువారం రాలేదు. చావు కబురైతే వచ్చేదే కదా, నయమై ఉంటుందనుకున్నాను. శుక్రవారం మా ఇంట్లో కూడికలో మోకాళ్ళ మీద నిలబడి ఆమె కోసం ఒక గంట ప్రార్థన చేశాం. ఏడవని వాళ్ళు లేరు. మా మనసులు తేలికయ్యాయి.

శనివారం పన్నెండు గంటలప్పుడు ఒక టీవీఎస్ మోపెడ్ మా షాపు ముందు ఆగింది. దాని మీది మనిషి మట్టిలో నుంచి తీసినట్టున్నాడు. తలకు తువ్వాల, హ్యాండిలుకు పెట్రోలు సీసా, నీళ్ళ సీసా. నలభై ఏండ్లు ఉంటాయి.

"అన్నా, పానా ఉంటే జర ఇస్తవా? చైను ఊడుతున్నది."

ఇచ్చాను. బిగించుకుంటూ అడిగాడు. "టేకుమట్లకు గీ తొవ్వనేనా?"

"గిదే. యాడికెల్లి వస్తున్నవ్?"

"మానుకోట అవుతల మా తండ. పొద్దుగాల్ల ఎల్లిన. నర్సంపేట కాడ రోడ్డు మీద వంట జేస్తుండ్రు, గంట ఆపిండ్రు. మంచోళ్ళే పాపం, అన్నం పెట్టిండ్రు."

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. ఈ సమ్మెలో అక్కడి నుంచి మోపెడ్ మీద వచ్చాడంటే ఎంత గట్టి పనో అనుకున్నాను. "ఎవలున్నరు టేకుమట్లల?"

"ఎవలు లేరన్న. బుచ్చవ్వ అని ఒక ముసలామె ఉన్నదట. నేనెన్నడు చూడలే. పానం బాగ లేదని కబురొచ్చింది."

నా చేతిలోని కటింగ్ ప్లేరు పక్కన పెట్టి అతని దగ్గరికి నడిచాను.

"నువ్వు మనింటోనివా?"

అతను లేచి నిలబడి నన్ను చూశాడు. "నీదీ ఇల్లేనా అన్న? నా పేరు బీక్యా. అవ్వకెట్లున్నదిప్పుడు?"

ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నాను నేను. వంద కిలోమీటర్ల నుంచి వచ్చినవాడు నన్ను అడుగుతున్నాడు.

"నీకెప్పుడొచ్చింది కబురు?" అన్నాను.

"నిన్న మాపటికి. అందరికన్న ఆఖరుకు నాకే వచ్చినట్టున్నది. మా ఇంటికి ఇంకా బిడ్డ ఇండ్లు పుట్టలేదన్న. చెప్పనీకె కింద ఎవ్వలు లేరు. చెప్పనీకె లేనప్పుడు మరేం జేస్త, ఎల్లొచ్చిన."

నేను షాపు షట్టరు గుంజాను. ఒక రైతు నా చేయి పట్టుకున్నాడు. "అన్నా, నా మోటరు విప్పి పెట్టి యాడికి పోతున్నవే!" విదిలించుకున్నాను. బీక్యాను నా బండి మీద ఎక్కించుకొని బయల్దేరాను. దారిలో రెండు చోట్ల రాళ్ళు పెట్టి ఆపారు. "జై తెలంగాణ అనుండ్రి, పోండ్రి," అన్నారు. అన్నాం, పోయాం.

బుచ్చవ్వ తలుపు దగ్గరగా వేసి ఉంది. గొళ్ళెం పడదు కదా, తోస్తే తెరుచుకుంది. రెండు చాపల్లో ఒకటి గోడకు చుట్టి నిలబెట్టి ఉంది. రెండోదాని మీద ఆమె ఉంది. ఒళ్ళు తాకితే పెనం మీద చేయి పెట్టినట్టుంది. కండ్లు పచ్చబడ్డాయి. కుండలో నీళ్ళు అడుక్కుపోయాయి. తల దగ్గర గిన్నెలో జావ పైన మీగడ కట్టి ఎండిపోయి ఉంది.

పక్కింటామె వాకిట్లో నుంచి తొంగిచూసింది. ఆమె మా సంఘం కాదు.

"జావ నేనే ఇచ్చిన పొద్దుగాల. తాగలే. అఖిల ఉన్నన్నొద్దులు చూసింది. దాని బిడ్డకు గూడ జొరమొచ్చె, మంగళారం తల్లిగారింటికి పోయింది. మీకు కబురు చెప్పే పోయిన అన్నది."

"మరి మీరన్న దవాఖానకు తోల్కపోవద్దా అక్కా?" అన్నాను. అన్న తర్వాత నా మాట నాకే సిగ్గనిపించింది.

ఆమె ఊరుకోలేదు. "ఏందయ్యా గట్లంటవ్? ఊరూరికి మా ఇండ్లున్నయి, నేను కన్న ఇండ్లేనని రోజు చెప్పేది గద ముసల్ది. ఇయ్యాల వస్తరు, రేపు వస్తరని మేం చూస్తిమి. గన్ని ఇండ్లున్న మనిషిని మేం ముట్టుకుంటే మీరేమంటరో అని."

బీక్యా అప్పటికే చెంబుతో నీళ్ళు తెచ్చి, తువ్వాల తడిపి ఆమె నుదుటి మీద వేశాడు. బుచ్చవ్వ కండ్లు తెరిచింది. నన్ను పోల్చుకుంది.

"పోశాలూ... కబురు అందిందా?"

"అందిందవ్వా."

"అన్నిండ్లకు అందిందా?"

"అన్నిండ్లకు అందింది. మానుకోట తండ దాంక పోయింది. గీ తమ్ముడు ఆడికెల్లే వచ్చిండు."

ఆమె పెదవులు కొంచెం విచ్చుకున్నాయి. "ఇగనేం. అందరు తొవ్వల ఉన్నట్టే," అన్నది.

నేను వాకిట్లోకి వచ్చి గోడకు మొకం పెట్టుకున్నాను. తర్వాత కుమార్‌కు ఫోను చేసి, ఇది కబురు కాదు, నువ్వే ఆటో తీసుకొని రా అన్నాను. పావు గంటలో వచ్చాడు. అంత దగ్గర. లోపలికి చూసి తల బాదుకున్నాడు.

"నువ్వు పోయినవనుకున్ననన్న. బండున్నోనివి."

"నేను పోతననుకున్నవా? రెండు కిలోమీటర్లల్ల నువ్వుండి? ఆటో ఉండి?"

"ఆటోలు బంద్ పెట్టిండ్రు. రోడ్డెక్కితే గాలి తీస్తరు. సరోజనక్క పోయింటదనుకున్న. ఆమె నేను పోయిన అనుకున్నదట, ఇప్పుడు తొవ్వల అడిగితే తెలిసింది. పోయిండ్రా అని అడగొద్దని చెప్పింది నువ్వే గదన్నా!"

"అడగొద్దంటే సూడొద్దని అన్ననారా?"

"మరి నువ్వెందుకు సూడలే?"

బీక్యా లోపలి నుంచి అరిచాడు. "ముందుగల అవ్వను లేపుండ్రి! తర్వాత కొట్టుకుందురు."

ఆటోకు తెలంగాణ జెండా కట్టుకున్నాం. బీక్యా ఆమె తలను ఒడిలో పెట్టుకున్నాడు. రాస్తారోకో దగ్గర పిల్లలు లోపలికి చూసి, వాళ్ళే రాళ్ళు పక్కకు జరిపి దారి ఇచ్చారు. ఒక్కరు కూడా గాలి తీయలేదు. కుమార్ అదంతా చూస్తూ బండి నడిపాడు. మంగళవారం ఆటో తీసినా ఇట్లాగే దారి ఇచ్చేవాళ్ళని అతనికి అప్పుడు తెలిసింది.

సమ్మె అయినా దవాఖానలో డాక్టరు ఉన్నాడు. రక్తం తీసి చూసి, మలేరియా మెదడుకు ఎక్కిందన్నాడు. సూదులు, సెలైన్ పెట్టారు. నర్సమ్మ కాగితం తెచ్చింది.

"పేషెంటుకు మీరేమైతరు?"

బిడ్డ ఇండ్లోళ్ళం అంటే ఆ కాగితంలో రాసుకునే జాగా లేదు.

"కొడుకును," అన్నాను.

"నేను గూడ," అన్నాడు కుమార్.

బీక్యా నేల చూపు చూస్తూ అన్నాడు. "నేను గూడ రాసుకోమ్మా."

నర్సమ్మ కలం ఆపింది. "ముగ్గురు కొడుకులుండి గిప్పుడా తెచ్చేది? గిన్నొద్దులు ఏం జేసిండ్రయ్యా?"

ప్రార్థన చేశామమ్మా అని చెప్పడానికి నా నోరు రాలేదు.

ఆదివారం పొద్దున, చర్చిల్లో పాట మొదలయ్యే వేళకు, బుచ్చవ్వ పోయింది. అప్పుడు బీక్యా ఆమె కాళ్ళు పట్టుకొని ఉన్నాడు. ఆమెను చూసి ఒక్క రోజే అయింది అతనికి.

చావు కబురు నేనే చెప్పాను. నా రెండిండ్లకే కాదు, తెలిసిన నంబర్లన్నిటికీ. సోమవారం బస్సుల్లేని రోడ్ల మీద నడుచుకుంటూ, సైకిళ్ళ మీద, ట్రాక్టర్ల మీద జనం వచ్చారు. మా బొందలగడ్డ వాగు ఒడ్డున ఉంటుంది. అక్కడ మొదటిసారి అన్ని ఇండ్లూ ఒక్కచోట కలిశాయి. "మీదే ఇల్లు? మీదెవలికి పుట్టిన ఇల్లు?" అని ఒకర్నొకరు అడుక్కున్నారు. నేను వద్దనుకుంటూనే లెక్కపెట్టాను. పద్నాలుగు ఇండ్లు. మూడు మోటరు సైకిళ్ళున్న ఇండ్లు, రెండు ఆటోలున్న ఇండ్లు, ఒక ఆరెంపీ డాక్టరున్న ఇల్లు. సూదిమందు తెలిసిన మనిషి మా కబురు గొలుసులోనే ఉన్నాడు. ఆయనకూ బుధవారమే అందింది. ఆయనా ఇద్దరికి చెప్పాడు.

మట్టి వేశాక ఎవరూ ఇండ్లకు పోలేదు. గడ్డ మీదే కూర్చున్నాం. నేను లేచి నిలబడ్డాను.

"ఇండ్లోళ్ళారా, ఆ రూలు పెట్టింది నేను. మొదాలు మంగళారం విన్నోళ్ళల్ల నేనొకన్ని. నేను పోలే. ఇగనుంచి విన్నోడు చెప్పుడు కాదు, విన్నోడు పోవాలె. గిది మారుద్దాం."

నర్మెట్ట సాంబయ్య నెమ్మదస్తుడు, పెద్దవాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"బావా, నీ బాధ సరే. విన్నోళ్ళంత పోతే పద్నాలుగిండ్లోళ్ళు ఒక మంచం కాడ నిలబడాలె. గట్ల కాదు, ఒక్కలే పోవాలంటే, ఎవలు పోవాల్నో చెప్పెటోడొకడు ఉండాలె. చెప్పెటోనికి అందరి నంబర్లుండాలె. లిస్టుండాలె. వాడు పొమ్మంటే పోనోని మీద కోపం రావాలె. మల్ల రెండు వర్గాలైతయి, రెండు తాళాలు పడుతయి. గీ అవ్వ ఇల్లు దెరిచింది దేనికి?"

ఆయన మాటలో తప్పేముందో నాకు ఈనాటికీ తెలియదు. సరోజనక్క కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నది. "నేను వంద గజాల దూరంల రోజు కట్టెలకు పోయిన. గా తలుపు దిక్కు చూసిన. లోపల ఎవలో ఒకలున్నరనుకున్న," అన్నది. అంతకు మించి అక్కడ ఏమీ తేలలేదు. పొద్దు వాలేసరికి పద్నాలుగిండ్లూ ఎట్లా వచ్చినవి అట్లా చీలిపోయాయి. రూలు రూలుగానే ఉండింది.

నేను మాత్రం ఉండలేకపోయాను. ఆ తర్వాత కబురు వస్తే చాలు, షట్టరు దించి బండి తీసేవాణ్ణి. సరోజనక్క భర్త తాటిచెట్టు మీది నుంచి పడ్డాడని విన్నప్పుడు ఉరికాను. ఆ ఉరుకులో నా రెండిండ్లకు చెప్పడం మరిచిపోయాను. ఇంకోసారీ అంతే. మూడోసారీ అంతే. నా కింద ఉన్న ఇండ్లకు ఏమీ తెలియకుండా పోయింది. ఒకరోజు సాంబయ్య ఫోను చేశాడు.

"బావా, తప్పుగ అనుకోకు. నీ కాడ కబురు ఆగుతున్నది. మేం కుమార్ ఇంటికే ముడేసుకుంటున్నం ఇగ."

ఎవరూ నన్ను పొమ్మనలేదు. ఎవరూ కోపం చేయలేదు. గరికలో ఒక గణుపు చచ్చిపోతే ఏం జరుగుతుంది? దాని మీదుగా పక్క గణుపు పాకి అవతల వేరు పెట్టుకుంటుంది. అదే జరిగింది. మా ఇంటికి శుక్రవారం వచ్చేవాళ్ళు తగ్గారు. రెండు చాపలు ఒక చాప అయ్యాయి. తర్వాత ఆ చాప మీద నేనూ యాకమ్మా. మోటర్లకు మాత్రం కొదవ లేదు.

తెలంగాణ వచ్చింది. జిల్లాలు చేశారు. మా ఇండ్లు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని మూడు జిల్లాల్లో పడ్డాయి. ఇప్పుడు అవి ఎన్ని ఇండ్లో నాకు తెలియదు. నాకు కబుర్లు రావు.

మొన్న ఎండాకాలంలో విజయ్ అనే అతను టేకుమట్ల దిక్కు నుంచి మోటరు తెచ్చాడు. ముప్పై ఏండ్ల మనిషి, మిర్చి పెడతాడట. నేను మోటరు విప్పుతుంటే మాటల్లో పెట్టాడు.

"శుక్రారం వరకు కావాలన్న. శుక్రారం మా ఇంట్ల కూడిక ఉంటది. రెండు చాపలు నిండినయి, ఈ నెలల ఇంకో ఇల్లు పుడుతది."

"ఎవలు మొదలుపెట్టిండ్రు తమ్మీ ఇది?"

"బుచ్చవ్వ అని ఒక పెద్ద భక్తురాలట. ఆమె పోయేటప్పుడు అన్నిండ్లోళ్ళు చుట్టు కూసోని పాటలు పాడుతుంటే నవ్వుకుంట కండ్లు మూసిందట. గసొంటి సావు ఎవలికొస్తదన్న?"

కాదని చెప్పాలనుకున్నాను. వార్నిష్ వాసనకు కండ్లు మండుతున్నట్టు తుడుచుకున్నాను. అంతలో అతనే అన్నాడు.

"మానుకోట తండల బీక్యా అని ఒకాయనున్నడు. ఆయనకు పానం మంచిగ లేదట, కబురొచ్చింది. ఆయనకోసమే ప్రార్థన ఈ శుక్రారం."

"ఎవలన్న పోయిండ్రా ఆయన కాడికి?"

"పోయే ఉంటరు. గా దిక్కు మస్తు ఇండ్లున్నయట గద ఇప్పుడు."

"నువ్వు?"

"నేను ఇద్దరికి చెప్పినన్న."

పని శుభ్రంగా ముగించినవాడి మొకం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది అతని మొకం. అది నాకు తెలిసిన మొకమే. నా దగ్గరున్న బీక్యా నంబరు పాతది, పలకలేదు. చేతులు కిరోసిన్‌తో కడుక్కున్నాను. యాకమ్మ వెనక ఇంట్లో నుంచి అంతా విన్నట్టుంది. ఏమీ అడగకుండా నీళ్ళ సీసా, గుడ్డలో రెండు జొన్నరొట్టెలు తెచ్చి బండి దగ్గర నిలబడింది.

విజయ్ బిత్తరపోయాడు. "అన్నా, గిదేంది? మోటరు విప్పిపెట్టి పోతవా? నా తోట ఎండుతది!"

జవాబు యాకమ్మ చెప్పింది. "మోటరుకు జొరం రాలే బిడ్డా."

వెనక ఎక్కి కూర్చుంది. బండి తీశాను. పరకాల దాటాక గుర్తొచ్చింది, ఆ కబురు ఎన్నడు బయల్దేరిందో విజయ్‌ను అడగనే లేదు.